రింగ్ ఫ్రేమ్ ఆడవాళ్ల నెత్తురు

సోమవారం పొద్దున ఆరింటి షిఫ్టుకు కృపమ్మ వచ్చేసరికి, మంచినీళ్ల డ్రమ్ము పక్కనున్న స్టీలు గ్లాసుల్లో ఆరు గ్లాసులకు ఎర్ర పెయింటు పూసి ఉంది. పైన గోడకు ఒక కాగితం అంటించారు. "ఎర్ర గ్లాసులు రింగ్ ఫ్రేమ్ వారికి మాత్రమే." కింద సంతకం లేదు. ఇలాంటి కాగితాల కింద సంతకాలు ఉండవు.

మొగిలమ్మకు చదువు రాదు. ఇరవై రెండేళ్లుగా ఈ నూలు మిల్లులో, దారం వడికే రింగ్ ఫ్రేమ్ మిషన్ల మీద తెగిన పోగులు అతుకుతున్న మనిషి. పెళ్లి కుదిరిన పిల్ల నవ్య ఆమెకు ఆ కాగితం చదివి వినిపించింది. మొగిలమ్మ ఎర్ర గ్లాసు ఒకటి తీసి, నీళ్లు ముంచుకుని తాగి, మూతి తుడుచుకుంది.

"నీళ్లేనే. నేనింకేమన్న పోసిండ్రేమో అనుకున్న" అంది.

ఎవరూ నవ్వలేదు. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు అవతల గుంపుగా నిలబడి చూస్తున్నారు. శనివారం దాకా వీళ్లతో ఒకే మూతలో పచ్చడి కలుపుకుని తిన్నవాళ్లే. ఈ రోజు ఎవరి నీళ్ల సీసా వాళ్ల చేతిలో ఉంది.

రింగ్ ఫ్రేమ్ సెక్షన్‌లో ఉదయం షిఫ్టు ఆడవాళ్లు అరవై రెండు మంది. వాళ్లలో ఒకరికి హెచ్‌ఐవి ఉందన్న మాట మిల్లంతా పాకింది. ఆ ఒకరు ఎవరో కృపమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మాట బయటపడింది ఎవరి నోటివెంటో కూడా ఆమెకు తెలుసు.

ఈ సంగతి కాస్త వెనక్కి పోయి చెప్పుకోవాలి. రెండేళ్ల కింద మిల్లులోకి వెల్‌నెస్ ప్రోగ్రాం వచ్చింది. యజమానికి కార్మికుల మీద ఉన్నట్టుండి ప్రేమ పొంగిందని అనుకునేరు. అదేం కాదు. నూలు కొనే విదేశీ కంపెనీలు కాగితం అడిగాయి, కాగితం కోసం ప్రోగ్రాం పెట్టారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో నవ్వుతున్న ఆడవాళ్లలో ఒక్కరు కూడా ఈ మిల్లు మనిషి కాదు.

అయినా సెక్షన్‌కు ఒకరిని ఆరోగ్య సఖిగా ఎంపిక చేశారు. రింగ్ ఫ్రేమ్‌కు కృపమ్మ. హనుమకొండలో రెండు రోజులు ఏసీ హాల్లో శిక్షణ ఇచ్చారు. ముట్టుకుంటే, కలిసి తింటే, ఒక గ్లాసులో తాగితే హెచ్‌ఐవి రాదని చెప్పారు. రోజూ గోలీ వేసుకునే మనిషి అందరిలాగే పని చేసుకోవచ్చన్నారు. ఇష్టం లేకుండా రక్తం తీయకూడదనీ, జబ్బు పేరుతో కొలువు తీయకూడదనీ చట్టం ఉందన్నారు. చెప్పుకున్నవాళ్ల మాట కడుపులో దాచుకోవాలన్నారు. కృపమ్మ అన్నీ నోటుబుక్కులో రాసుకుంది.

పోయిన వానాకాలంలో యమున ఆమెను పత్తి బేళ్ల చాటుకు పిలిచింది. యమునది స్టేషన్ ఘన్‌పూర్ అవతల పల్లె. భర్త పోయి ఆరేళ్లు. కూతురు హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఐదేళ్లుగా గోలీలు వాడుతోంది, ఒంట్లో బాగుంది. చిక్కల్లా రెండు నెలలకోసారి వరంగల్ పెద్ద దవాఖానకు పోయి మందులు తెచ్చుకోవడమే. సెలవు అడిగితే సూపర్‌వైజర్‌కు కారణం చెప్పాలి.

"ఇగ నాతోని కాదక్కా. సచ్చిన చుట్టాలనే మళ్ల మళ్ల సంపుతాన. సెలవడుగుటానికి ఇంకెవ్వలు మిగల్లె" అంది యమున.

కృపమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, సఖి హోదాలో సగం పూట సెలవు చీటీ ఇప్పించింది. ఆ ఒక్క పని మాత్రం ప్రోగ్రాం నిజంగానే చేసింది. ఆ మాట ఒప్పుకోవాలి.

పోయిన వారం యమునకు జ్వరం వచ్చి మంచం పట్టింది. కృపమ్మ హడలిపోయింది. శుక్రవారం కాజీపేటలో, ఆమె పోయే చర్చిలో ఉపవాస ప్రార్థన కూడిక ఉంది. పాటలయ్యాక ప్రార్థన మనవుల వేళ వచ్చింది. ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పింది, ఒకామె కొడుకు రైల్వే పరీక్ష చెప్పింది. అక్కడ మనసులో బరువు దాచుకుని కూర్చోవడం విశ్వాసం లేకపోవడం కింద లెక్క. కృపమ్మ లేచి నిలబడింది.

"మా మిల్లుల, రింగ్ ఫ్రేమ్‌ల ఒక చెల్లె ఉన్నది. హెచ్‌ఐవి. జరమొచ్చి పడ్డది. పేరు దేవునికెరుకే. జర ప్రార్థన చేయుండ్రి."

పేరు చెప్పలేదు కదా అనుకుంది. గుట్టు కాపాడానే అనుకుంది. కూడికలో మనవులన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం పాస్టరమ్మ కూతురు ప్రీతి పని. ఎప్పటిలాగే రాసింది. నాలుగో మనవి: మన సహోదరి పనిచేసే మిల్లులో, రింగ్ ఫ్రేమ్‌లో, హెచ్‌ఐవితో బాధపడుతున్న ఒక చెల్లెలి కొరకు. ఆ గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో మిల్లు స్టోర్‌కీపర్ విన్సెంట్ భార్య ఒకరు.

యమున జ్వరం మామూలు జ్వరమే, మూడు రోజుల్లో తగ్గింది. ఆ ప్రార్థన దేవుడు విన్నాడో లేదో గానీ మిల్లు మాత్రం బాగా విన్నది.

ఎర్ర గ్లాసులు వచ్చిన రోజే, పదింటికి హెచ్ఆర్ ఆఫీసర్ శేఖర్ కృపమ్మను గదికి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. అంత మర్యాద చూసే ఆమెకు భయమేసింది.

"ఆ మనవి నీదే అని నాకు తెలుసమ్మా. పేరు చెప్పు."

"నాకు తెల్వది సార్."

"సఖివి నువ్వు. ప్రోగ్రాం కంపెనీది. ప్రోగ్రాంల నీకు తెలిసింది కూడ కంపెనీదే."

"అట్లయితే శిక్షణల ఎవ్వలికి చెప్పద్దని ఎందుకు నేర్పిండ్రు సార్?"

శేఖర్ పెన్ను కింద పెట్టాడు. "ఆమెను ఇబ్బంది పెట్టం. మంచిగ రాజీనామా రాయించుకుని ఇంటికి పంపుతం. నువ్వు చెప్పకపోతే శనివారం క్యాంపు పెడ్త. అరవై రెండు మంది రక్తం ఇయ్యాలె. ఇయ్యనోళ్లకు సోమవారం గేటు తెరవం."

"చట్టం ఒప్పుకోదు సార్."

"ఫ్రీ చెకప్ అమ్మా అది. మీ మీద ప్రేమతోని చేస్తానం."

రెండింటికి షిఫ్టు దిగాక బస్టాపులో యమున ఆమె పక్కన నిలబడింది, ముఖం చూడకుండా. కృపమ్మ జరిగిందంతా చెప్పేసింది. యమున రోడ్డు వైపే చూస్తూ అంది.

"నీకు చెప్పుకున్న అక్కా. దేవునికి చెప్పుమన్ననా?"

కృపమ్మ చెయ్యి పట్టుకోబోతే యమున పక్కకు జరిగింది.

"మా అత్తకు తెల్వది. నా బిడ్డకు తెల్వది. శనివారంలోపు నేనే రాసిచ్చి పోత. కొలువు పోతే పోయె, పేరన్న మిగుల్తది."

"నువ్వు పోతే నువ్వే అని తెలుస్తది చెల్లే" అంది కృపమ్మ. ఆ మాట అన్నాక తన నోరంటే తనకే అసహ్యం వేసింది. యమున బస్సెక్కి పోయింది. కృపమ్మ మూడు బస్సులు వదిలేసింది.

బుధవారం షిఫ్టు దిగి, సైకిల్ స్టాండు రేకుల కింద ఆడవాళ్లంతా కూడారు. కూడారనడం కంటే కూలబడ్డారనడం సబబు. ఎనిమిది గంటలు మిషన్ల మధ్య నడిచిన కాళ్లు అవి. జుట్టు నిండా పత్తి నుసి. పోరాడే ఓపిక ఎవరికుంది? తగువు పెట్టుకునే ఓపిక మాత్రం ఉంది.

"ఎవ్వతో ఒక్కదాని కోసం అందరం మాటలు పడాల్నా? రక్తమిచ్చి పారేత్తే తేలిపోతది" అని బక్కమ్మ అరిచింది.

"మా అత్తగారోళ్లు ఫోన్ చేసిండ్రు" అని నవ్య ఏడ్చింది. "రింగ్ ఫ్రేమ్ పిల్లంటే రిపోర్టు తెమ్మంటాండ్రు. నేనిస్త రక్తం. నాకు రిపోర్టు కావాలె."

"అసలు ఈ మాట బయట పెట్టినోళ్లు ఎవ్వలు? వాళ్ల నోరు పడిపోను!" అని ఇంకో గొంతు లేచింది.

"నేనే" అంది కృపమ్మ.

ఆమె కూడిక సంగతి, వాట్సాప్ సంగతి, శేఖర్ గదిలో సంగతి అన్నీ చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే జాలి అడుక్కున్నట్టుంటుందని పళ్లు బిగబట్టుకుంది. "తప్పు నాది. తిట్టుండ్రి, కొట్టుండ్రి, పడ్త. పేరు మాత్రం అడగకుండ్రి."

"సఖి అట, సఖి!" బక్కమ్మ పక్కకు ఉమ్మేసింది. తిట్లు మొదలయ్యాయి. కృపమ్మ తల వంచుకుని వింది. గుంపులో యమున ఎక్కడుందో వెతకలేదు.

మొగిలమ్మకు దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా తిట్లు కూడా ఆగాయి.

"తిట్టుడయిందా? ఇగ నా మాటినుండ్రి" అంది ఆమె. "ఇరవై రెండేండ్లాయె ఈ దుమ్ము మింగబట్టి. నా ఊపిరితిత్తులకు ఎన్నడన్న పరీక్ష జేసిండ్రానే? ఎవ్వలకన్న జేసిండ్రా? చెయ్యరు. అది జేస్తే తప్పు మిల్లు మీదికొస్తది. గీ రక్తం పరీక్షయితే తప్పు మన మీదుంటది. అందుకే ఇది ఫ్రీ."

మొగిలమ్మ ఇంకోసారి దగ్గి మళ్లీ అందుకుంది.

"ఇయ్యాల హెచ్‌ఐవి అంటాండ్రు. రేపు షుగరంటరు, ఎల్లుండి దమ్ము, ఆయాసమంటరు. మన ఒంట్ల ఏమున్నదో వాళ్లకు తెలిసిననాడు ఎవ్వలను ఉంచాలె, ఎవ్వలను తీయాలె అని జల్లెడ పడ్తరు. ముందు పోయేది నేనే."

బక్కమ్మ రొంటిన చెయ్యి పెట్టి ఒక గోలీల అట్ట తీసింది. దాన్నే చూస్తూ మెల్లగా అంది. "ఫిట్స్‌వి. పదకొండేండ్ల సంది లెట్రినుల నిలబడి దొంగతనంగ మింగుతాన. తెలిస్తే మిషన్ కాడికి రానియ్యరని."

ఆమె అంత మాట అన్నాక వెనకనుంచి ఇంకొకామె షుగరంది. ఇంకొకామె గర్భసంచి తీయించుకున్న పదో రోజే పనిలోకి వచ్చిన సంగతి చెప్పింది. కొందరు ఏమీ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు. ముగ్గురు మాత్రం చెప్పులేసుకుని లేచిపోయారు. నవ్య ఏడుపు ఆపి, "మరి మా అత్తగారోళ్లకు ఏం చెప్పాలె?" అంది.

శనివారం మిల్లు ఆవరణలో తెల్ల టెంటు వేశారు. ఏదో ల్యాబు నుంచి నలుగురు నర్సులు వచ్చారు. శేఖర్ చేతిలో జాబితా ఉంది. మొదటి పేరు పిలిచాడు. మొగిలమ్మ వచ్చి నిలబడింది, కుర్చీలో కూర్చోలేదు.

"చెయ్యి చాపమ్మా."

"నేను చాపను. ముందు ఎర్ర గ్లాసులు తీసెయ్యుండ్రి. ఎవ్వల రక్తం జబర్దస్తీగ తియ్యద్దు. దవాఖానకు సగం పూట సెలవు అందరికియ్యాలె, ఎందుకని అడగద్దు. దుమ్ముకు ఛాతీ పరీక్ష చెయ్యుండ్రి. అప్పుడు కూసుంట."

రెండో పేరు పిలిచాడు, మూడో పేరు పిలిచాడు. పిలిచిన ప్రతి మనిషీ వచ్చి మొగిలమ్మ పక్కన నిలబడింది. నవ్య వంతు వచ్చింది. పిల్ల సూదిని చూసింది, కుర్చీని చూసింది. "నాకు రిపోర్టు కావాలంటే నేనే పోయి చేయించుకుంట సార్. మీకెందుకు?" అని వరుసలో కలిసింది. లోపల రింగ్ ఫ్రేములు ఆగిపోయాయి. ఎప్పుడూ ఆగని ఆ మోత ఆగేసరికి నర్సులు కూడా తలెత్తి చూశారు.

శేఖర్ జాబితా మడిచి జేబులో పెట్టుకుని ఫోను తీశాడు. గంటలో పోలీసు జీపు వచ్చింది. పుకార్లు పుట్టించి పని ఆపించిందని కృపమ్మ మీద ఫిర్యాదు. సస్పెన్షన్ కాగితం చేతిలో పెట్టి ఆమెను జీపు ఎక్కించారు.

ఎస్సై చెడ్డవాడిలా లేడు, అలిసిపోయినవాడిలా ఉన్నాడు. "పొద్దటి నుంచి ఇది మూడో లొల్లి. ఒక్క పేరమ్మా. చెప్పి దిగిపో. నీ కొలువు నీకుంటదని ఆ సారే అంటాండు" అన్నాడు.

ఒకసారి నోరు జారితే ఏమవుతుందో కృపమ్మకు ఇప్పుడు ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు. ఆమె పలకలేదు. డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు, కదపలేకపోయాడు. ఎదురుగా గేటుకు పోయే దారిలో కంకర మీద ఆడవాళ్లు కూర్చుంటున్నారు. మొగిలమ్మ దగ్గుతూ కూర్చుంది. జన్మలో ధర్నా ఎరగని బక్కమ్మ కొంగుతో చోటు తుడుచుకుని మరీ కూర్చుంది. బుధవారం లేచిపోయిన ముగ్గురిలో ఒకామె కూడా వచ్చింది. నాలుగో వరుసలో నవ్య ఉంది. నవ్య పక్కన యమున.

యమున జీపు వైపే చూస్తోంది. ఒక్కసారి ఆ కళ్లలోకి చూసి, మన్నించు చెల్లే అనుకోవాలని కృపమ్మ ప్రాణం కొట్టుకుపోయింది. కానీ జీపు పక్కనే శేఖర్ నిలబడి ఉన్నాడు. అతను ఆడవాళ్లను చూడటం లేదు, కృపమ్మ చూపు ఎవరి మీద ఆగుతుందో చూస్తున్నాడు.

కృపమ్మ మొదటి వరుస మొదటి మనిషి నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క ముఖాన్నీ చూసుకుంటూ పోయింది, అందరినీ ఒకే తీరుగా. నాలుగో వరుసలో యమున దగ్గరికి వచ్చింది. అక్కడ కూడా ఆగలేదు. ఆ పక్కామెను చూసింది, ఆ తర్వాతామెను చూసింది. చివరి మనిషి దాకా చూసి అప్పుడు కళ్లు మూసుకుంది. దేవుడికి కూడా ఏమీ చెప్పలేదు.

"వాళ్లను లెవ్వమని చెప్పమ్మా" అన్నాడు ఎస్సై.

"లెవ్వరు సార్" అంది కృపమ్మ.

రెండింటి సైరన్ మోగింది. లోపలికి పోవలసిన రెండో షిఫ్టు ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని గేటు దాకా వచ్చారు. జీపును చూశారు, కంకర మీద కూర్చున్నవాళ్లను చూశారు. కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత ఒకరొకరుగా చెప్పులు విడిచి, వాటి మీదే, వెనక వరుసలో కూర్చోసాగారు.