ఎర్ర బెండు మీదుగా

మా పడవలవాళ్లకి నీటి మీద తేలే ఎర్ర బెండు దాటవచ్చని గుర్తు. దాని తాడు అడుగున పడి ఉంటుంది, పడవ పైనుంచి పోతుంది. తెల్ల బెండు తేలుతుంటే చుట్టు తిరిగి పోవాలి, దాని కింద వల వేలాడుతుంటుంది. ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

మా అల్లుడు లారీ డ్రైవరు కొడుకు. చేపల కంపెనీ మా నీళ్లలో చేపలు పెంచే వల పంజరాలు దించి, అతన్ని కాపలాకి పెట్టుకుని ఇల్లు కూడా ఇచ్చింది. వాటి చుట్టూ హద్దు తాడు కట్టమంటే, దూరం నుంచే చూసి ఆగుతారని ఎర్ర బెండ్లు ఎంచి కట్టించాడు. అప్పుడు నేను చేపల వేటకి పోయి ఉన్నాను.

తిరిగొచ్చి పొద్దున్నే ఆలుచిప్పల కోసం రేవు అవతలున్న పెద్ద రాతి దగ్గరికి బయలుదేరాను. ఎర్ర బెండ్లు చూసి పడవని తిన్నగా పోనిచ్చాను. తాడు జానెడు లోతులో బిగిసి ఉంది. తెడ్డు పడవలు దాని మీదుగా జారిపోయేవి. అటు వచ్చిన ఇంజను పడవ నాదే మొదటిది. పడవ కింది ఫ్యానుకి తాడు చుట్టుకుంది, ఇంజను ఆగింది, వాలు నీటి లాగుడు పడవని పంజరం మీదికి నెట్టింది. వల చిరిగి చేపలు సగం పోయాయి.

నేను కావాలనే వల కోశానని కంపెనీ ఫిర్యాదు పెట్టింది. ఇక రేవు నుంచి రాతిదాకా ఎవర్నీ రానివ్వకూడదంది. ఆ రాతి దగ్గర ఆడవాళ్లు ఆలుచిప్పలు ఏరుతారు, పిల్లలు ఈత నేర్చుకుంటారు. రేవు అధికారి విచారణకి పిలిచాడు.

ముందురోజు సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. ఎర్రవి కట్టించడం వల్లే ఇదంతా జరిగిందని తేలితే తన భర్త ఉద్యోగం, ఇల్లు రెండూ పోతాయంది. నేను లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.

“కాలు గాలిన పిల్లిలా ఎందుకలా తిరుగుతావు?” అంది నా భార్య. “ఏదో ఒకటి చెప్పు దానికి.”

“చెప్పకపోతేనే మేలు,” అంది అమ్మాయి. “నాన్నకి అలవాటేగా.”

నేను నోరు విప్పకపోతే ఊరికి ఆ నీళ్లు పోతాయి. విప్పితే దాని కొంప పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు రేవు ఆఫీసులో ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. కుర్చీలు చాలక ఆలుచిప్పల ఆడవాళ్లు గోడవార నిలబడ్డారు. అల్లుడు కంపెనీవాళ్ల పక్కన కూర్చుని చొక్కా బొత్తాం తిప్పుకుంటున్నాడు.

ఎర్ర బెండ్లు కనపడ్డాయా అని అధికారి అడిగాడు. కనపడ్డాయన్నాను.

“చూసి కూడా దాటారా?”

నా కాళ్లు బల్ల కింద ఆగడం లేదు.

“చూశాను కాబట్టే దాటానండీ.”

కంపెనీ మేనేజరు నవ్వాడు. ఆడవాళ్లు నవ్వలేదు. అధికారి వాళ్లని అడిగితే, ఎర్రదైతే తామూ దాటేవాళ్లమేనన్నారు. అప్పుడు అధికారి బెండ్లు ఎవరు ఎంచారని అడిగాడు. మేనేజరు అల్లుడి వైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

“నేనే,” అన్నాడు అల్లుడు. “ఎర్ర రంగంటే ఆగమనే అనుకున్నాను. మావయ్య కోశారన్నది అబద్ధం.”

కావాలని చేసింది కాదని అధికారి రాసుకున్నాడు. బెండ్లు మార్చమన్నాడు, రాతి వైపు పడవ పట్టేంత దారి వదలమన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. మేనేజరు బయటికి రాగానే అల్లుడి దగ్గర ఇంటి తాళం అడిగాడు.

మధ్యాహ్నానికి వాళ్ల సామాను మా ఇంటికి వచ్చింది. అమ్మాయి నా మొహం చూడలేదు. మంచం ఎక్కడ వెయ్యాలని వాళ్లమ్మనే అడిగింది. అల్లుడు గడప దాటకుండా అరుగు మీదే కూర్చున్నాడు. నేను వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగాను. చివరికి అతని పక్కన కూర్చున్నాను.

“నీకు ఈత వచ్చా?” అన్నాను.

“రాదు మావయ్యా.”

“రాతి దగ్గరికి పద, నేర్పుతాను,” అని లేచాను.

అతను కదల్లేదు. నేను నిలబడే ఉన్నాను.