ఎత్తిన చెయ్యి

“చెయ్యి ఇంకొంచెం పైకెత్తమ్మా, సుబ్బక్కా,” అన్నాడు మామ.

రాగులు విసురుతున్న నన్ను పిలిచి పెరట్లో నిలబెట్టాడు. అరచేతులకు పిండి ఇంకా అంటుకొనే ఉంది. మామ సిద్దప్ప డెంకణికోట చుట్టుపక్కల గుళ్ళకు మెట్లు, ఇళ్ళకు తిరగళ్ళు చెక్కే మనిషి. ఇప్పుడు కొడుకు కోసం వీరగల్లు, పోరులో పోయినవాళ్ళకు నిలిపే రాయి, చెక్కుతున్నాడు. ఆ కొడుకు నా భర్త ఆంజప్ప. శాంతిసేన సిపాయిగా ఓడెక్కి ఆఫ్రికాలోని కాంగోకు పోయి, అక్కడి పోరులో తూటా తగిలి చనిపోయాడు. నిరుడు చలికాలంలో తంతి వచ్చింది. శరీరం రాలేదు. కాల్చడానికి ఏమీ లేని ఇంట్లో నా గాజులు మాత్రం పగిలాయి.

రాతిమీద ఆయన దాదాపు పూర్తయ్యాడు. తుపాకి, మీసం, నిటారైన మెడ. పక్కన ఒక ఆడమనిషి మొదలైంది. మా ఊరి పొలిమేరలో పాతకాలపు వీరగల్లు ఉంది. అందులో వీరుడి పక్కనే, అతనితో చితి ఎక్కిన భార్య, గాజుల చేతిని పైకెత్తి నిలబడి ఉంటుంది. మామకు తెలిసిన నమూనా అదొక్కటే.

“నేను బతికే ఉండాను గదా, మామా?” అని నిన్న అడిగాను. జవాబు అత్త అంగాళమ్మ చెప్పింది.

“బతికుంటే ఏమి? వాని పక్కన నువ్వు గాక ఇంకెవురు నిలబడతారు? వీరగల్లెక్కిన ఆడదానికి పుట్టిల్లు ఉండదు. దినామూ దీపం పెట్టుకుంటా ఈడే పడుండు. మత్తూరు మాట ఇంక ఎత్తొద్దు.”

మత్తూరులో మా అమ్మ ఉంది. నన్ను పంపమని కబురు మీద కబురు చేస్తోంది.

నిన్నటి నుంచి భయం నన్ను వదలడం లేదు. నేను పూర్తికాకముందే నా రూపం పూర్తవుతోంది. నా నుదుటి కుంకుమ తుడిచిన చేతులే రేపు ఆ రాతికి కుంకుమ పెడతాయి. నా గాజులు రాతిలో తిరిగి వస్తాయి, కానీ మోగవు. ఆ తర్వాత బిందె పట్టుకొని నీళ్ళకు నడిచే ఈ మనిషి ఎవరు? ఉలి మీద దెబ్బ పడినప్పుడల్లా నా మోచెయ్యి తిమ్మిరెక్కుతోంది. అది అలసట అని మనసు అంటుంది. శరీరం నమ్మడం లేదు.

ఆయనతో నాకున్న జ్ఞాపకాలు కొన్నే. వాటిలో ఒకటి పూర్తిగా నాది. చివరి సెలవు ముగిసి హోసూరు బస్సుకు పోతూ, ఆ పాత రాతి దగ్గర పెట్టె దించి కూర్చున్నాడు. “నాకు భయంగా ఉంది, సుబ్బీ. సముద్రం దాటాలంట. యాడికో, ఎవురి కోసమో. నాయనకు చెప్పొద్దు, నగుతాడు,” అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకొన్నాను. చెమట పట్టి చల్లగా ఉంది. మా కాపురంలో మేమిద్దరం సమానంగా ఉన్నది ఆ కాసేపే అని ఇప్పుడనిపిస్తుంది. ఈ రాతిమీది మీసాలవాణ్ణి నేనెరుగను.

“ఇట్ల తిరగమ్మా. ఇంక మొగమే మిగిలింది,” అన్నాడు మామ.

“ఏడుపు మొగం పెట్టొద్దు, ఇదో! నగుతా ఉండాల,” అంది అత్త గడప మీది నుంచి.

“మామా, ఆయనకు భయంగా ఉండె.”

సుత్తి ఆగింది.

“ఎవురికి?”

“నీ కొడుక్కి. పొయ్యేటప్పుడు నాతో చెప్పినాడు. నీకు చెప్పొద్దన్నాడు. నాకూ భయంగానే ఉండాది మామా. నా మొగం చెక్కొద్దు.”

“దీనికి దయ్యం పట్టింది!” అని అత్త లేచింది.

మామ ఆమె వైపు చూడలేదు. కొడుకు మీసం మీది రాతిపొడిని బొటనవేలితో చాలాసేపు తుడిచాడు.

“అయితే వాడు ఒగడే నిలబడాల్నా, అమ్మా?”

ఆ గొంతులో నాకు ఆంజప్ప గొంతు వినిపించింది.

“ఆడ ఒగడే పోయినాడు మామా. నేను మత్తూరుకు పోతాను.”

మామ ఉలి మళ్ళీ ఎత్తలేదు.

నేను చెయ్యి కిందికి దించాను.