నాన్న చూసిన వలయం

బడికి టెలిస్కోపు వచ్చిందంటే అందరికీ సంబరమే గానీ, దాన్ని విప్పి బిగించే పని మాత్రం తిరిగి తిరిగి కొత్త సైన్సు టీచరమ్మ నెత్తిన పడింది. ఉద్యోగంలో చేరి ఆమెకింకా ఏడాదైనా నిండలేదు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి తనే. అందుకేనేమో, తెలియదు అని నలుగురిలో ఒప్పుకోవడం ఆమెకు మహా కష్టం. ఇంటికి తీసుకెళ్ళి నేర్చుకుంటానని, పిల్లలకు చూపించే రోజుకి చెయ్యి తిరిగేలా చేసుకుంటానని చెప్పింది. హెడ్‌మాస్టారు జాగ్రత్తలన్నీ ఒకటికి రెండుసార్లు అప్పజెప్పి పెట్టె చేతికిచ్చారు.

దాన్ని ఇంటికి చేర్చింది నాన్నే. ఆయన అదే బడికి వ్యాన్ డ్రైవరు. తన బండి ఆగే గుమ్మంలోనే కూతురు టీచరుగా అడుగు పెట్టిన రోజు నుంచీ ఆయన ఇంట్లో కూడా ఆమెను "టీచరుగారూ, తమరు భోజనం చేశారా?" అని మర్యాదగా పిలిచి ఏడిపించేవాడు. పెట్టెను సీటు మీద పడుకోబెట్టి, దొర్లకుండా అటూ ఇటూ దుప్పట్లు ఆనించి, బాలింతను పుట్టింటికి తెచ్చినంత నెమ్మదిగా తెచ్చాడు.

చలికాలం కాబట్టి పెందలాడే చీకటి పడింది. ఆమె డాబా మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, దాని మీద తెల్లటి సన్నని గొట్టాన్ని బిగించింది. ముందు ఒక అద్దం, వెనక కన్ను ఆనించే చోట ఇంకో చిన్న అద్దం, అంతే దాని సంసారం. కింద నుంచి అమ్మ, "ఆ గొట్టం ఆకాశం వైపే పెట్టవే తల్లీ, ఎదురింటివాళ్ళు తగువుకొస్తారు" అని కేకేసి మళ్ళీ కుట్టుమిషను తొక్కడంలో పడింది.

మొదట వీధి దీపం దొరికింది. తర్వాత ఎవరి ఇంటి నీళ్ళ ట్యాంకో దొరికింది. మెడ పట్టేసేదాకా తంటాలు పడ్డాక, పసుపుపచ్చగా, మినుకుమినుకుమనకుండా వెలిగే చుక్క ఆ గుండ్రటి చీకట్లోకి వచ్చి కూర్చుంది. శనిగ్రహం. చిన్నప్పుడు పాఠ్యపుస్తకం అట్ట మీద దాని బొమ్మ చూసినప్పటి నుంచీ, ఆ వలయాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె కోరిక. కన్ను ఆనించింది. ఆవగింజకు కాస్త పెద్దదైన పసుపు పూస కనిపించింది. వలయం లేదు. మర ఇటు తిప్పితే పూస ఉబ్బింది, అటు తిప్పితే చిక్కింది. వలయం మాత్రం లేదు. చూస్తుండగానే పూస పక్కకు జారిపోయేది, మళ్ళీ గొట్టాన్ని వేలితో తట్టి వెతుక్కోవాల్సి వచ్చేది.

నాన్నను పిలిచింది. ఆయన మెట్ల పక్క గోడను అరచేత్తో తడుముకుంటూ పైకి వచ్చాడు. వంగి ఒక కన్ను ఆనించాడు. కాసేపాగి రెండో కన్ను ఆనించాడు.

"కనిపించిందా నాన్నా?"

"ఆఁ. కనిపించింది."

"చుట్టూ వలయం కూడానా?"

"వలయం కూడానూ. పళ్ళెంలో నిమ్మకాయ పెట్టినట్టు భలే ఉంది తల్లీ."

ఆమె ఆత్రంగా మళ్ళీ చూసింది. అదే పూస. నాన్న చూసినదాన్ని తాను చూడలేకపోతున్నానని చిన్నబోయింది తప్ప, ఆయన మాటను అనుమానించాలని తోచలేదు. ఇన్నేళ్ళుగా బండికి గీత పడనివ్వని కళ్ళవి. తనవేమో పుస్తకాలకు అరిగిపోయి కళ్ళజోడు ఎక్కించుకున్న కళ్ళు. లోపం తనదేనని తీర్మానించుకుంది. మర్నాడు సాయంత్రం అద్దాలు తుడిచి, మరలన్నీ విప్పి బిగించి మళ్ళీ కూర్చుంది. మెట్ల కింద నుంచి నాన్న, వలయం ఇవాళ కూడా ఉందా అని అడిగాడు. ఉందని చెప్పేసింది. తండ్రికి దొరికింది డిగ్రీ చదివిన తనకు దొరకలేదని చెప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది.

బళ్ళో పెద్ద సైన్సు మాస్టారితో మాత్రం దాచలేదు. తన చేతిలో ఏదో పొరపాటుందని, వాళ్ళ నాన్నకు ఇట్టే కనిపించిన వలయం తనకు చిక్కడం లేదని చెప్పుకుంది. ఆయన పగలబడి నవ్వాడు. ఆ వలయం చాలా పల్చనిదట. కాగితాన్ని అంచు వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? ఈ ఏడాది దాని అంచు సరిగ్గా మన వైపు తిరిగి ఉందట. ఇంత చిన్న టెలిస్కోపులో ఎవరు చూసినా ఉత్త పూసే.

"మీ నాన్నగారికి కనిపించిందంటే ఇక ఈ గొట్టం దేనికమ్మాయ్? పిల్లల్ని ఆయన దగ్గరే కూర్చోబెడదాం" అన్నాడు.

ఆమె కూడా నవ్వింది. నన్ను సంతోషపెట్టడానికి అని ఉంటాడు, పిచ్చి నాన్న, అనుకుంది. తరగతికి వెళ్ళి నల్లబల్ల మీద తేదీ వేస్తుండగా ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది. సంతోషపెట్టడానికే అయినా, ఆవగింజంత పూసను చూసినవాడు పళ్ళెంలో నిమ్మకాయ అంటాడా? అదెంత చిన్నదోనన్న మాటే ఎత్తలేదాయన. రెండో కన్ను ఎందుకు మార్చాడు? పుట్టి బుద్ధెరిగాక ఎక్కి దిగుతున్న మెట్లకు గోడ పట్టుకోవడమెందుకు? ఈ మధ్య దుమ్ము పడిందంటూ కళ్ళలో ఏవో చుక్కలు వేసుకోవడం కూడా గుర్తొచ్చింది.

మామూలుగా ఆమె బస్సులో ఇల్లు చేరేది. ఆ రోజు పని త్వరగా ముగించుకుని వ్యాన్ ఎక్కింది. నాన్న ముఖం వెలిగిపోయింది. డ్రైవరు పక్కన ఎప్పటిలాగే ఆయా కూర్చుంది. పిల్లలు ఆవిణ్ణి రేడియో ఆయా అంటారు. ఎక్కింది మొదలు దిగేదాకా నోరు మూతపడదు. టీచరమ్మ వెనక సీట్లో కూర్చుని వింది.

"అదిగో అన్నయ్యా, కుడిపక్క మోటారుసైకిలు, వాడికి ముందు జన్మలో రోడ్డు రాసిచ్చినట్టున్నారు. పోనీ, పోయాడు. కుడి సందులోంచి పాలబండి ముక్కు పెడుతోంది చూశావా, ఆగు, దాన్నే పోనీ."

మొదట నవ్వొచ్చింది. కొంతసేపటికి ఒక సంగతి పట్టుకుంది. ఎడమవైపు కూరల బండి అడ్డంగా ఉన్నా, పిల్లాడు బంతి వెంట పడ్డా ఆయా పెదవి విప్పలేదు. ఆ మాటలన్నీ కుడివైపు గురించే.

ఒకచోట చిన్నపిల్లను రోడ్డు దాటించడానికి ఆయా దిగింది. ముందు దారంతా ఖాళీ. వెనక ఎవరో హారన్ మోగించి మోగించి తిడుతున్నారు. నాన్న బండి కదపలేదు. మెడను మొత్తంగా కుడివైపుకు తిప్పి, కోడిలాగా అక్కడక్కడే తల కదుపుతూ, రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మెడ మీద చెమట పట్టి ఉంది. ఆయా వచ్చి ఎక్కి "పద అన్నయ్యా, ఎవరూ లేరు" అన్నాకే కదిలాడు.

పిల్లలంతా దిగిపోయాక బండి ఇంటి ముందు ఆగింది. ఆయా ఇల్లు పక్క వీధే. దిగుతూ వెనక్కి తిరిగిన ఆయాకు, తననే చూస్తున్న ఆమె కళ్ళు ఎదురయ్యాయి. రేడియో ఆగిపోయింది.

"టీచరమ్మా, మా అన్నయ్య ఒక్కరోజు కూడా..." అని మొదలుపెట్టి, మిగతాది కొంగు చాటున దాచుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో నాన్న చేతులు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన ఎడమచేతి పక్కన పెట్టింది. ఎన్నాళ్ళుగా అక్కడ పెడుతోందో ఆమె ఎప్పుడూ గమనించలేదు.

"నాన్నా, శనికి వలయం ఈ ఏడాది ఎవరికీ కనిపించదట."

కుట్టుమిషను దగ్గరకు వెళ్ళబోయిన అమ్మ నిలబడిపోయింది. నాన్న నవ్వబోయాడు. ఆ నవ్వు కుదరలేదు.

"నువ్వేం చూశావు నాన్నా?"

"చీకటి" అన్నాడాయన. "నువ్వంత ఆశగా అడిగితే లేదని ఎలా అనను? లేదంటే ఆరా తీస్తావని కూడా భయమేసింది."

తర్వాత దాచడానికేమీ మిగల్లేదు. కంటి నరాలు ఎండిపోతున్నాయని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి ఎదురుగా, ఎడమగా ఉన్నది మాత్రం పగటివేళ ఆనుతుంది, పొద్దుగూకితే అదీ లేదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కొన్నాళ్ళు నిలబెట్టడానికే ఆ చుక్కలు. అమ్మకు మొదటి నుంచీ తెలుసు. ఆయాకు ఆయనే చెప్పుకున్నాడు. తెలియనిది చదువుకున్న కూతురికి ఒక్కదానికే.

ఆయన బతిమాలాడు. ఈ పరీక్షలయ్యేదాకా ఓపిక పట్టమన్నాడు. వెలుతురుండగానే బండి ఇంటికి తెస్తున్నానని, నడక కన్నా నెమ్మదిగా పోతున్నానని అన్నాడు. ఆమె ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.

"ఆ బండిలో నా క్లాసు పిల్లలున్నారు."

"నా చేతుల్లో పెరిగిన పిల్లలే వాళ్ళు. వాళ్ళకేమన్నా కానిస్తానా?"

"కానివ్వవు నాన్నా. కానీ నీకు కనిపించదు."

చెంప మీద కొట్టినా ఆయన ముఖం అలా మారేది కాదేమో. చదివించినందుకు మంచి మాటే చెప్పావన్నాడు. అమ్మ, దాన్నేం అనకు, అంది. ఆయన గోడకేసి చూస్తూ అడిగాడు.

"మరి రేపు పొద్దున్నే లేచి నన్నెక్కడికి పొమ్మంటావు?"

అయినా ఆమె వంటింట్లోకి వెళ్ళి హెడ్‌మాస్టారికి ఫోను చేసింది. నాన్న గురించి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయా ఊసు ఎత్తలేదు. హెడ్‌మాస్టారు ఆమె నిజాయితీని ఎంతో మెచ్చుకున్నారు. ఆ మెప్పు పూర్తికాకముందే ఆమె ఫోను పెట్టేసింది.

తెల్లవారాక బడి నుంచి వేరే డ్రైవరు బండి తీసుకెళ్ళడానికి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, తల వంచుకుని నిలబడ్డాడు. నాన్న అప్పటికే స్నానం చేసి ఖాకీ చొక్కా తొడుక్కుని, బండి కడిగి, అద్దాలు తుడిచి ఉన్నాడు. తాళాలిస్తూ దారంతా చెప్పాడు. నీలం గేటింటి పిల్లను వెనక కూర్చోబెడితే వాంతి చేసుకుంటుందని, కవలల్లో పెద్దాణ్ణి ముందు పిలిస్తే చిన్నాడు అలుగుతాడని, మూలమలుపు ఇంటి తాతగారు వినపడక తలుపు తీయకపోతే దిగి వెళ్ళి తట్టాలని చెప్పాడు. కుర్రవాడు అన్నిటికీ "సరే పెద్దాయనా" అన్నాడు. ఆ పిలుపుకు నాన్న ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నాడు. చెప్పడానికి ఇంకేమీ లేకుండా పోయేదాకా చెప్పాడు.

బండి వెళ్ళిపోయింది. చప్పుడు వీధి చివర కలిసిపోయేదాకా ఆయన అటే ముఖం పెట్టి నిలబడి, తర్వాత గుమ్మం మెట్టు తడుముకుని కూర్చున్నాడు. ఆమె చేతిసంచీ భుజాన వేసుకుని, దాటి వెళ్ళడానికి మనసొప్పక పక్కనే నిలబడింది.

"పిల్లలు అడుగుతారు" అన్నాడు ఆమె వైపు తిరగకుండానే. "ఊరెళ్ళాడని చెప్పు."

"సరే నాన్నా."

ఆమె మెట్టు దిగి, ఆగింది.

"ఎప్పుడొస్తాడని అడిగితే?"

ఆయన ఖాకీ చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నదాన్నే విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె జవాబు కోసం చూస్తూ నిలబడింది. వీధి చివర ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.