నాకు ఒక్కతే కూతురు

కళ్ళజోళ్ళ షాపులో అద్దం ముందున్న స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కనే ఆవిడ చిన్నకూతురు చేతిసంచి పట్టుకుని నిలబడింది. షాపులో పనిచేసే మనిషి కొత్త ఫ్రేమును వేడిగాలి మెషీను దగ్గర కాస్త వెచ్చబెట్టి, కాడల్ని ఒడుపుగా వంచి, పెద్దావిడ చెవుల వెనక సర్దింది. ముక్కు మీద మెత్తలు సరిగ్గా ఆనాయో లేదో వంగి చూసింది. దారినపోయేవాళ్ళు ఎవరైనా లోపలికి తొంగి చూసినా, ఇందులో వింతేముందని తమ దారిన తాము పోయేవారే.

"ఎడమ చెవి దగ్గర నొక్కుతోందని చెప్పవే," అంది పెద్దావిడ చిన్నకూతురితో.

జానెడు దూరంలో ఎదురుగా ఉన్న మనిషితో ఆ మాట చెప్పలేదు.

చిన్నకూతురు గొంతు సవరించుకుని, "ఎడమ చెవి దగ్గర నొక్కుతోందట," అంది గోడకు చెబుతున్నట్టు.

ఆ మనిషి జోడు తీసి, ఎడమ కాడను రవ్వంత వంచి మళ్ళీ పెట్టింది. ఆమె వేళ్ళు పెద్దావిడ కణతలకు తగిలాయి. చర్మం కాగితంలా పలచబడింది. "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగింది. ఆ షాపుకు వచ్చే ప్రతి పెద్దావిడనూ ఆమె అలాగే అమ్మా అంటుంది. ఈవిడను మాత్రం మాటలు వచ్చిన నాటి నుంచీ అంటోంది.

"బాగానే ఉందని చెప్పు. ఇక పోదాం పద," అంటూ ఆవిడ చిన్నకూతురి భుజం ఆసరాగా లేచింది.

అవును, జోడు సరిచేసిన మనిషి ఆవిడ పెద్దకూతురే. కన్నతల్లి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని కూడా ఆమె నోటి నుంచి ఒక్క మాట రాబట్టలేకపోయిన కూతురు.

షాపులో అందరూ ఆమెను పంతులమ్మ అంటారు. గౌరవంతో పెట్టిన పేరు కాదు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఒక మతమండలిలో. ఆ మండలి పేరుతో మనకు పనిలేదు. అలాంటివి ఏ ఊళ్ళో చూసినా ఉంటాయి. దేవుడి మనసులో మాట తమకు మాత్రమే తెలుసంటారు. లోకానికి ముగింపు దగ్గరపడిందనీ, బయటివాళ్ళందరూ కాలి బూడిదైపోతారనీ చెబుతారు. పంతులమ్మ అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పేది. షాపులో పనికి చేరాక తోటివాళ్ళకూ చెప్పబోయింది. దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

ఒకరోజు పాఠం మధ్యలో ఒక చిన్నపిల్ల లేచి, "మా పక్కింటి పాప కూడా కాలిపోతుందా?" అని అడిగింది. పంతులమ్మ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది, కాలిపోతుందని. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తెచ్చుకున్న మిఠాయి పక్కింటి పాపకే ఇచ్చేస్తానంది, కాలిపోయేలోపు తింటుందట. ఆ ఏడుపు ముందు నిలబడి పంతులమ్మ తన లోపల వెతుక్కుంది. తాను చెప్పిన మాట మీద తనకే నమ్మకం లేదని ఆ క్షణాన తెలిసింది. ఎప్పటి నుంచి లేదో కూడా తెలియలేదు.

అబద్ధం ఆడటం చేతకాని మనిషి కనుక వెళ్ళి మండలి పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. ఆ వారం సభలో మాత్రం లేచి నిలబడి, "ఈమె ఇక మనలో లేదు. ఎవరూ పలకరించకూడదు, ఎవరూ కలిసి తినకూడదు," అని ప్రకటించాడు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి బట్టల సంచి మెట్ల మీద ఉంది. తలుపు లోపలి నుంచి గడియ పడి ఉంది. ఎంతసేపు తట్టినా ఎవరూ తీయలేదు. లోపల తల్లి ప్రార్థన చదువుతున్న గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఇలాంటి మనిషి గురించి విన్నప్పుడు మనం, "పోనీలే, ఆ పీడ వదిలింది, ఇక హాయిగా బతకొచ్చు," అనుకుంటాం. హాయి సంగతి అటుంచితే, బతకడం ఎలాగో ఆమెకు మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుంది. కంచం ముందు కూర్చోగానే పెదవులు వాటంతటవే ప్రార్థన మొదలుపెట్టేవి. మధ్యలో ఆపేసేది. ఆపాక అన్నం సయించేది కాదు. సాయంత్రాలు మరీ గండం. వారంలో చాలా సాయంత్రాలు సభలకే పోయేవి. ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. పార్కు బెంచీ మీద కూర్చుని, పోయే వచ్చే జనాన్ని చూసేది. వీళ్ళందరూ బూడిదైపోతారని నమ్మే కదా ఇన్నాళ్ళూ వీళ్ళ మధ్య తిరిగాను అనుకునేది. ఉరుము ఉరిమితే చాలు, ముగింపు వచ్చేసిందని గుండె దడదడలాడేది. నమ్మకం వెళ్ళిపోయింది గాని, భయం ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదు.

బయటివాళ్ళయినా అక్కున చేర్చుకున్నారా అంటే అదీ లేదు. ఇంటావిడ ఒకరోజు, "నువ్వు ఏ దేవుడికీ దణ్ణం పెట్టవటగా? మా పిల్లల్ని నీ గది వైపు పంపించను. ఏమీ అనుకోకు," అంది. దేవుడి భయం లేనిదానికి ఇంకే భయం ఉంటుందని కింద వరండాలో అందరితోనూ అంటుండగా కూడా పంతులమ్మ విన్నది.

షాపులో ఆరేళ్ళుగా ఆమె తన డబ్బా తీసుకుని ఒక మూల ఒంటరిగా తినేది. బయటివాళ్ళతో కలిసి తినకూడదని మండలి నియమం. ఇప్పుడు ఆ నియమం లేదు గనుక మధ్యాహ్నం ధైర్యం చేసి అందరూ కూర్చునే బల్ల దగ్గరకు వెళ్ళింది.

లెన్సులు అరగదీసే మెషీను దగ్గర పనిచేసే మనిషిని బక్కాయన అంటారు. అతను ముద్ద నములుతూనే, "ఏంటి పంతులమ్మా, దారి తప్పావా? మేం బూడిదైపోయే బాపతు కదా. మసి నీకంటుకోదూ?" అన్నాడు. బల్లంతా గొల్లున నవ్వింది.

కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నా పెళ్ళికి పిలిస్తే ఏమన్నావో గుర్తుందా అక్కా? అలాంటి అపవిత్రమైన చోటికి రానన్నావు. మా అమ్మ ముందరే అన్నావు. ఇప్పుడు మీవాళ్ళు తరిమేస్తే మేం గుర్తొచ్చామా?"

పంతులమ్మ ఆ మాట అన్నది నిజమే. "తప్పయిపోయిందమ్మా," అంది. ఎవరూ జరిగి చోటివ్వలేదు. చేతులు కడుక్కునే చోట నిలబడి తినేసి పనిలోకి వెళ్ళింది.

అలాంటి రోజుల్లోనే, మొదట చెప్పినట్టు, తల్లి కళ్ళజోడు కోసం వచ్చింది. ఆవిడ చూపుకు కావలసిన మందపాటి లెన్సులు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా చేయరు. గత్యంతరం లేక వచ్చింది. అయినా అమ్మ ముఖం దగ్గరగా చూశానన్న సంతోషం పంతులమ్మకు ఆ రోజంతా ఉంది.

ఆ సంతోషం మర్నాటితో సరి. చెల్లెలు ఒంటరిగా వచ్చి జోడు పెట్టెను కౌంటరు మీద పెట్టింది.

"పెద్దాయన వద్దన్నారు. నీ చెయ్యి తగిలినవి అమ్మ పెట్టుకోకూడదట."

"మరి అమ్మకి కనిపించేదెలాగే?"

"పాతవి ఉన్నాయిగా."

"ఆ పవరు ఎప్పుడో దాటిపోయింది. వాటితో ఎదురుగా ఉన్న మెట్టు కూడా కనిపించదు. నా చెయ్యి తగలకూడదంటే ఇక్కడ ఇంకొకరి చేత చేయిస్తాను. నేను వెలిపడ్డదాన్నే, కళ్ళేం పాపం చేశాయి?"

"దేవుడు చూసుకుంటాడు," అంది చెల్లెలు నేల చూపులు చూస్తూ. ఇంకో మాటకు అవకాశం ఇవ్వకుండా వెళ్ళిపోయింది.

మెషీను దగ్గర నుంచి బక్కాయన, "పంతులమ్మా, మీ దేవుడు వాపసు సరుకు కూడా పంపిస్తున్నాడే!" అన్నాడు.

నెల తిరగకముందే తల్లి మండలి సభాభవనం మెట్ల మీద అడుగు తప్పి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ కబురు కూడా కూతురికి ఎవరూ చెప్పలేదు. షాపుకు వచ్చిన ఒకావిడ మాటల మధ్య చెబితే తెలిసి, ఏప్రన్ విప్పకుండానే ఆసుపత్రికి పరుగెత్తింది.

మంచానికి అటొకరు ఇటొకరు మండలి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చెల్లెలు తలాపున నిలబడి ఉంది. హెడ్ నర్సు ఎదురొచ్చి, "మీరెవరమ్మా?" అంది.

"ఆవిడ పెద్దమ్మాయిని."

హెడ్ నర్సు మంచం దగ్గరకు వెళ్ళి, "పెద్దమ్మా, మీ పెద్దమ్మాయి వచ్చింది," అని చెప్పింది. పెద్దావిడ కళ్ళు తెరవకుండానే, "నాకు ఒక్కతే కూతురు. ఇదిగో, ఇక్కడే ఉంది," అని చిన్నకూతురి చెయ్యి తడిమి పట్టుకుంది.

ఆ రోజు నుంచి పంతులమ్మ పని అవగానే వచ్చి వార్డు బయట బల్ల మీద కూర్చునేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మంచం కొస కనిపించేది, దుప్పటి కింద తల్లి పాదాలు కనిపించేవి. అంతే. లేచిపొమ్మని ఎవరూ అనలేదు, లోపలికి రమ్మని కూడా అనలేదు.

తల్లికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పిన సాయంత్రం పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, తేనె పూసినట్టుండే గొంతు. బల్ల మీద పంతులమ్మ పక్కనే కూర్చున్నాడు.

"నీ మీద మాకెవరికీ కోపం లేదమ్మా. తలుపు తీసే ఉంది. లోపలికి వచ్చి మీ అమ్మ ముందు ఒక్క మాట చెప్పు. దారి తప్పాను, మళ్ళీ నమ్ముతున్నాను అని. ఆ మరుక్షణం నుంచి మంచం పక్కన కుర్చీ నీదే."

ఆయన లోపలికి వెళ్ళగానే చెల్లెలు వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పెయ్యక్కా! నోటిమాటే కదా. లోపల ఏమనుకుంటున్నావో ఎవరు చూడొచ్చారు? నేను చెప్పట్లేదూ?"

పంతులమ్మ తలెత్తి చెల్లెలి ముఖంలోకి చూసింది. "అంటే, నువ్వు కూడా…"

చెల్లెలు ఉలిక్కిపడి చెయ్యి వదిలేసింది. వెనక్కి తిరిగి తలుపు వైపు చూసుకుంది. "నాకు పిల్లలున్నారక్కా," అంది లోగొంతుకతో. "నీలాగా మెట్ల మీద సంచి పెట్టించుకోలేను."

పంతులమ్మ లేచింది. అమ్మ పక్కన కూర్చోవడానికి ఒక్క అబద్ధం. దేవుడే లేడన్నాక ఆ అబద్ధం వినేదెవరు, లెక్క అడిగేదెవరు అనుకుంటూ లోపలికి నడిచింది. మంచం దగ్గర నిలబడి, అందరూ వినేలా, "దారి తప్పానమ్మా. మళ్ళీ నమ్ముతున్నాను," అంది.

పెద్దావిడ ముఖం వెలిగింది. "దగ్గరికి రా, కనిపించట్లేదు," అంది. కూతురి ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తడిమింది. "చిక్కిపోయావు తల్లీ. అన్నం తింటున్నావా?" అంది. ఆ చేతి కింద పంతులమ్మ చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"నాకు భయంగా ఉందే," అంది తల్లి. "ఆ లోకంలో నువ్వు నా దగ్గరికి వస్తావో రావోనని. నా మీద ఒట్టేసి చెప్పు. నిజంగా నమ్ముతున్నావా?"

చెల్లెలు కళ్ళతోనే బతిమాలింది. పంతులమ్మ నోరు తెరిచింది. పెద్దాయనకైతే చెప్పగలిగేది, సభ మొత్తానికి చెప్పగలిగేది. తన ముఖం మీద ఉన్న ఆ చేతికి చెప్పలేకపోయింది.

"లేదమ్మా. నీ దగ్గర కూర్చోవాలని అలా అన్నాను. నీ మీద ప్రేమ ఉంది. అది మాత్రం నిజం."

చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. విరిగిన తుంటి నొప్పికి మూలుగుతూనే పెద్దావిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. "దీన్ని పంపించేయండి," అంది.

పెద్దాయన మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఇదంతా పక్క మంచం దగ్గర సెలైను మారుస్తున్న హెడ్ నర్సు చూసింది. పంతులమ్మ బయటికి వెళ్ళాక ఆవిడ పెద్దాయన ముందుకు వచ్చి నిలబడింది.

"నేనూ రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని డ్యూటీకి వచ్చేదాన్నే అయ్యా. ఈ వార్డులో చాలామంది నా చేతుల్లోనే పోయారు. పోయేముందు ఎవరూ నమ్మకాల గురించి మాట్లాడరు. పిల్లలొచ్చారా అని అడుగుతారు. ఆ పిల్ల రోజూ ఈ తలుపు బయటే ఉంది. తల్లీ అడ్డం కాదు, బిడ్డా అడ్డం కాదు. మధ్యలో నిలబడింది మీరు. ఆ భయం ఆవిడకి పెట్టిందీ మీరే."

"మీరు బయటివారమ్మా. మీకు అర్థం కాదు," అన్నాడు పెద్దాయన చిరునవ్వు చెరగకుండా.

తల్లి ఆ వారంలోనే పోయింది. ప్రాణం పోయే వేళకు పెద్దకూతురు గోడకు అవతల ఉంది.

అంతిమయాత్రకు కూడా రానివ్వలేదు. ఆమె రోడ్డుకు ఇవతల, మూసి ఉన్న దుకాణం ముందు నిలబడి చూసింది. చనిపోయిన మనిషి కోసం ఏ మాటలు పలకాలో తెలియదు. పాత మాటలు ఆమెవి కావు, కొత్తవి ఇంకా పుట్టలేదు. "అమ్మా" అని మాత్రం అనుకుంది. శవం వెనక చెల్లెలు నడుస్తోంది. అక్కను దాటిపోయేటప్పుడు తలెత్తలేదు. ప్రార్థన మాత్రం గట్టిగా చదివింది, పక్కనున్న అందరికంటే గట్టిగా. ఆ గొంతులో నమ్మకం లేదని ఆ గుంపు మొత్తంలో ఎవరికీ తెలియదు. రోడ్డుకు ఇవతల నిలబడ్డ ఒక్క మనిషికి తెలుసు.

చదువుతున్న మీలో దేవుణ్ణి నమ్మేవారుంటారు, నమ్మనివారూ ఉంటారు. అది ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి. కానీ, నమ్మకం పోయిందని బిడ్డకు తల్లిని, తల్లికి బిడ్డను దూరం చేసే హక్కు ఏ దేవుడి పేరు చెప్పుకుని వచ్చినా ఏ మనిషికీ లేదు.