మలుపు మీద మొరం

పోతయ్య మొరం తట్టను తల మీంచి దించి రోడ్డు అంచున గుమ్మరించాడు. ఎర్రటి దుమ్ము లేచి అతని కనుబొమల మీద వాలింది. బక్కపలచని మనిషి. మెడనరాలు తాళ్ళలా తేలి ఉంటాయి. బరువు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగింది. సారపాక శివారులో తారు అంచులు కోసుకుపోయిన చోటల్లా పూడ్చడం అతని కొలువు. లారీలకు దారిచ్చి సైకిళ్ళూ, నడిచే జనమూ దిగేది ఆ అంచు మీదికే గనుక ఆ పని ఎన్నటికీ తీరేది కాదు.

అతడెంత పూడ్చినా ఒక్క మలుపు దగ్గర మాత్రం జనం పడుతూనే ఉండేవారు. లేచినవారందరిదీ ఒకే మాట: వెనక చక్రాన్ని ఎవరో పట్టి లాగారని. లేవనివారు ఏమీ చెప్పలేదు. మలుపుకు రెండువైపులా జామాయిల్ తోట. లారీకీ లారీకీ నడుమ దిగే నిశ్శబ్దంలో, గాలి లేకపోయినా అక్కడ ఆకులు కదిలేవి. జామాయిల్ ఆకు కాడ సన్నం. అది కదలడానికి పెద్ద గాలి అక్కర్లేదు.

ప్రతి అమావాస్య సాయంత్రం లారీలవాళ్ళు అక్కడ బూడిద గుమ్మడికాయ కొట్టి కుంకుమ చల్లేవారు. సైకిళ్ళు జారేది ఆ గుజ్జు మీదనేనని పోతయ్యకు తెలుసు. తట్టతో తానూ ఒకసారి జారాడు. అయినా దాన్ని తాకే ధైర్యం చేయలేదు. తీసిన దిష్టి తుడిచినవాడికే తగులుతుందన్నది అతనిలో చిన్ననాడే దిగబడిన భయం. అమావాస్య నాడు పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాడు.

ఈ అమావాస్యకు ఆ వీలు లేదు. కూతురు వనజ కాగితం మిల్లు క్యాంటీన్‌లో పనికి చేరి, ఆ రోజే మొదటిసారి సైకిలు మీద వెళ్ళింది.

"మలుపుకాడ దిగి నడిపించుకుంట రా బిడ్డా," అన్నాడు పొద్దున.

"నేను దిగుతే లారీలు ఆగుతయా నాయినా? రోజూ రోడ్డు బాగు చేస్తవు, నీ రోడ్డు మీద నీకే నమ్మకం లేకపాయె!" నవ్వుతూ తొక్కుకుంటూ పోయింది.

మధ్యాహ్నం జీపులో వచ్చిన ఇంజనీరు ఎదుట నిలబడి, "మలుపుకాడ ఒక బ్రేకర్ ఏపియ్యండి సార్," అన్నాడు. పైకి రాశామన్న జవాబుతోపాటే జీపు కదిలిపోయింది.

పొద్దు వాలేవేళ రామ్‌చందర్ అనే డ్రైవరు లారీ ఆపి గుమ్మడికాయతో దిగాడు.

"జర పక్కకు కొట్టు డ్రైవరు సాబ్. సైకిళ్ళు జారుతున్నయి."

"పక్కకు కొడితే చెట్ల దిష్టి పోతది గానీ, రోడ్డు దిష్టెట్ల పోతది తాతా?"

కాయ నడిరోడ్డు మీద పగిలింది. లారీ వెళ్ళిపోయింది.

తోట వెనక కొత్తగా లేచిన సెల్‌ఫోను టవరు మీద ఎర్రదీపం వెలిగింది. కుంకుమ కలిసిన గుజ్జు ఇంకా ఊపిరి ఉన్నదానిలా మెరిసింది. కదిలింది కూడా. పగిలిన పెచ్చు తన బరువుకు తానే ఒరిగిందని కాసేపు చూస్తే ఎవరికైనా తెలిసేదే. పోతయ్య అంతసేపు చూడలేదు. కళ్ళు సగం మూసుకుని, తమ వేల్పు పేరు గొణుక్కుంటూ, పారతో గుజ్జునంతా రోడ్డు కిందికి నెట్టాడు. మిగిలిన తడి మీద మొరం పోసి తొక్కసాగాడు.

"పోతయ్యా, పిచ్చెక్కిందా ఏంది?" మలుపుకు ఇవతలి టీకొట్టులోంచి బుల్లెమ్మ కేకేసింది. "అది నీకు అంటుకుంటది!"

"అంటుకోనీ. పిల్ల వస్తది."

బుల్లెమ్మ పొయ్యి వైపు తిరిగింది. మరో లారీ ఆగిన చప్పుడు విని మళ్ళీ చూసేసరికి మలుపు మీద మొరం ఉంది, మనిషి లేడు. అంచుకు అవతల, రాలిన ఆకుల మీద, అలసి పడుకున్నవాడిలా ఒత్తిగిలి ఉన్నాడు. దిష్టి పట్టిందన్నారు చేరినవాళ్ళు. మొరం దుమ్ములో మునిగిన మనిషి ఆ మసకలో మొరం నుంచి వేరుగా కనబడలేదన్నాడు లారీ నడిపినవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

వనజ అప్పుడే వచ్చింది. గుంపును చూసి బ్రేకు గట్టిగా నొక్కింది. చక్రం మొరం మీద కరకరమని నిలిచింది; జారలేదు.

శవాన్ని ఎత్తుకుపోయారు గానీ, నడిరోడ్డు మీది పోతయ్య ఒంటి చెప్పును ముట్టడానికి దిష్టి భయంతో ఎవరికీ చెయ్యి రాలేదు. మర్నాటి మంచులో, మనుషుల కోసం ఏనాడూ వేగం తగ్గించని లారీలు దాన్ని చూడగానే నెమ్మదించి, ఒకదాని వెనుక ఒకటిగా తప్పుకుని పోసాగాయి. పాత లారీ టైరు కోసి కుట్టిన చెప్పు అది. మడమ ఒకవైపు అరిగి, తెగిన పట్టీకి ఇనుప తీగ ముడి వేసి ఉంది.