లోయవైపు గది

పొద్దున్నే జీపుల్లో కొండెక్కి వచ్చేవాళ్లు జలపాతం చూస్తారు, బొమ్మలు చెక్కిన గుహ చూస్తారు, చివరికి లోయ అంచుకొస్తారు. అక్కడ ఒకరి వీపు ఒకరు తడతారు. రెండు ఊపిరులు తీసేలోగా లోయ ఆ చరుపు తిరిగిచ్చేస్తుంది, తట్టినవాళ్ల వీపుకే. నవ్వుకుని, ఫొటోలు దిగి, టీకి లాడ్జికొస్తారు.

లాడ్జి అత్తది. పెత్తనం కొడుకుది. దుప్పట్లు ఉతకడం, గుడ్లు వేయించడం, తన్నులు తినడం కోడలివి. తన్నులు మాత్రం వెనకగదిలోనే. నాలుగువైపులా గోడలు, లోయ కంటపడదు. కొడుకు చెయ్యెత్తితే చాలు, ఉల్లిపాయలు తరుగుతూనే అత్త, "లోపలికి తీసుకెళ్లరా, నీకు తగుల్తుంది" అనేది.

ఈసారి సీజన్‌లో అందరూ లోయ కనబడే గదే కావాలన్నారు. కొడుకు కూలీల్ని పెట్టి వెనకగదికి లోయవైపు గోడ పడగొట్టించాడు. అద్దాలు ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం కోడలు జుట్టు పట్టుకున్నాడు.

"ఎవడితోనే ఆ ఇకిలింపులు?"

"జీపులో వచ్చినాయనండీ, టీలో చక్కెర మర్చిపోయానన్నాడు, అంతే."

"చక్కెరకి అంత నవ్వా?"

అలవాటైన కాళ్లు వెనకగదికే ఈడ్చుకెళ్లాయి. "లోపలే, లోపలే" అంది అత్త, అలవాటుగానే. అన్నాక గుర్తొచ్చింది, గోడ లేదని. కత్తిపీట వదిలేసి పరిగెత్తింది.

అప్పటికే కూలీలు వదిలిన గడ్డపార కొడుకు చేతికొచ్చి కోడలి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు. ఆమె కూలిపోయింది.

ఒక ఊపిరి.

అత్త వెళ్లి కొడుక్కి అడ్డంగా నిలబడింది, లోయకి ఎదురుగా.

రెండో ఊపిరికి దెబ్బ తిరిగొచ్చింది. అత్త భుజం పగిలి గోడకి కొట్టుకుని కిందపడింది.

"ఇదేనట్రా... రోజూ దీనికి పెట్టేది?"

"రోజూ ఇంతుండదే అమ్మా," అన్నాడు కొడుకు.

అత్త నేలమీద పాక్కుంటూ కోడలి పక్కకి చేరింది. కోడలు బాగున్న చేత్తో ఆవిణ్ణి లేపబోయింది.

"నన్నెందుకే లేపడం? ఆ గడ్డపార అందుకో."

కోడలు అందుకుంది. లేచి నిలబడింది. మొగుడి వైపు చూసింది, లోయ వైపు చూసింది, ఆగిపోయింది.

"కొట్టవే," అంది అత్త, రెండోవైపుకి ఒత్తిగిలి, ఈసారి కోడలికి అడ్డంగా, లోయకి ఎదురుగా కూర్చుంటూ. "తిరిగొచ్చేది నేను తింటా."

కొడుకు చెప్పుల్లేకుండానే ఆఖరి జీపెక్కాడు, యాత్రికుల మధ్య ఇరుక్కుని.