కిందిరేకు మైనస్

ఉదయం నుంచి ఆఫీసులో ఆమె కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. బస్టాపు పైకప్పుకు ఆమె లెక్కకట్టిన దూలాలు మేనమామ వెల్డింగ్ షెడ్డులో అప్పటికే తయారయ్యాయి. మర్నాడు క్రేను వస్తుంది. లెక్క తప్పనడానికి కారణమేదీ లేదు. జవాబు మరీ చక్కగా వచ్చింది, అదే ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఆ దూలాన్ని అడ్డంగా కోస్తే వంకర ఆకారం కనిపిస్తుంది: మధ్యలో నిలువురేకు, పైన కుడివైపుకు వెడల్పురేకు, కింద ఎడమవైపుకు మందపురేకు. దానికి జడత్వ లబ్ధం కట్టాలి. అంటే ఒక్కో ముక్క వైశాల్యాన్ని మధ్యబిందువు నుంచి దాని అడ్డు దూరంతో, నిలువు దూరంతో గుణించి, అన్నీ కూడాలి. మొత్తం సున్నా అయితే బరువుకు దూలం తిన్నగా కిందికే వంగుతుంది. కాకపోతే పక్కకూ జరుగుతుంది. ఆమెకు దాదాపు సున్నా వచ్చింది.

మూడోసారి సరిచూస్తుంటే కిందిరేకు దగ్గర పెన్ను ఆగింది. ఆ రేకు కిందా ఉంది, ఎడమవైపూ ఉంది. రెండు దూరాలకూ మైనస్ ఉండాలి. ఆమె ఒక్కదానికే పెట్టింది. రెండూ పెడితే మైనస్‌ను మైనస్ గుణించి ప్లస్ అవుతుంది; పైరేకు అంకె, కిందిరేకు అంకె ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కలిసిపోతాయి. బ్యాగు కూడా తీసుకోకుండా షెడ్డుకు పరుగెత్తింది.

మామయ్య అంతా విన్నాడు. కాగితాలు తన తలకెక్కవని, దూలాన్నే అడిగి చూద్దామని అన్నాడు. ఒక కొసను గట్టిగా బిగించి, రెండో కొస నుంచి దారంతో ఇనుపగుండు వేలాడదీశాడు. దాని కింద నేలమీద సుద్దగీత గీసి, ఆ కొసకే ఇసుక బస్తాలు ఒక్కొక్కటిగా తగిలించాడు. నాలుగో బస్తాకు గుండు గీత దాటి రెండు వేళ్ల మేర పక్కకు జరిగింది.

“మా సార్‌కి ఏం చెప్పను మామయ్యా?”

“జరిగిందే చెప్పు. నేనూ వస్తా. కానీ నోరు విప్పేది నువ్వే.”

సార్ లెక్క కాగితాలు తెరిచి, కిందిరేకు వరుస చూశాడు. వాటి మీద సంతకం పెట్టింది తనే కాబట్టి సగం తప్పు తనదేనన్నాడు. క్రేనును వారం వెనక్కి జరిపారు. దూలాలు పక్కకు జరగకుండా వాటి మధ్య అడ్డుకడ్డీలు వెల్డింగ్ చేయించి, మళ్లీ బరువు వేలాడదీశారు. ఈసారి గుండు గీత దాటలేదు.

బస్టాపు మీదికి పైకప్పు ఎక్కింది. జనం నీడలో నిలబడ్డారు. ఆ సాయంత్రమే ఆమె తను లెక్కకట్టిన పాత ఫైళ్లలోంచి ఇలాంటి ఆకారాలున్నవి రెండు బయటికి తీసింది. మొదటిది సరిపోయింది. రెండోది తెరిచి, కిందిరేకు మైనస్‌లు వెతుకుతూ కుర్చీ అంచున కూర్చుంది.